ప్రపోజల్‌లో మూడో పేరు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఉద్యోగంలో ఇంగ్లీషు. దక్షిణ ఒడిశాలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి నాలుగేళ్లవుతోంది. సోషియాలజీ శాఖలోని ఒక సీనియర్ సార్, స్టాటిస్టిక్స్‌లో ఇంకొక సార్, నేను కలిసి గంజాం తీరంలోని తెలుగు మత్స్యకారుల ఊళ్ల మీద పరిశోధన చేద్దామనుకున్నాం. పీజీ విద్యార్థులకు ముగ్గురం కలిసి ఒక ఎలక్టివ్ పేపరు చెప్పాలని కూడా ఆలోచన. మా శాఖాధిపతి (హెచ్‌ఓడీ) గారు ‘రెండు శాఖల మధ్య తిరిగితే ప్రమోషన్ దగ్గర దెబ్బతింటావు’ అంటున్నారు. కలిసి చెప్పిన గంటలు ఎవరి వర్క్‌లోడ్‌లో పడతాయో ఎవరికీ తెలియదు. సోషియాలజీ సార్‌కి కథలు కావాలి, నాకు లెక్కలు కావాలి. ప్రతి మీటింగూ వాదనతోనే ముగుస్తోంది. ఇంకో మాట. ఊళ్లకు వెళ్తే తెలుగు వచ్చేది నాకొక్కదానికే. రోజంతా సార్ల ప్రశ్నలు ఊరివాళ్లకీ, ఊరివాళ్ల జవాబులు సార్లకీ చెప్పడంతోనే సరిపోతోంది. ప్రాజెక్టు నిధుల కోసం రాస్తున్న ప్రపోజల్ డ్రాఫ్టులో నా పేరు మూడోది, పక్కన ‘ఫీల్డ్ కోఆర్డినేషన్’ అని ఉంది. ఈ నెలాఖరుకు పంపాలి. నేను జూనియర్ని. అడిగితే బాగుంటుందా? (పేరు వేయవద్దని కోరారు)

జవాబు:

అమ్మా, ఉత్తరంలో ముందు రాసిన మూడు సమస్యలూ మీతో పాటు దేశంలో చాలామంది అధ్యాపకులవి. చివర ‘ఇంకో మాట’ అంటూ తేలిగ్గా చెప్పేసినదే అసలు మీది. అందుకే అక్కడ మొదలుపెడతాను.

ఫీల్డ్ కోఆర్డినేషన్ అంటే జీపు మాట్లాడటం, ఊరి పెద్దకు కబురు చెప్పడం, భోజనాల ఏర్పాటు చూడటం. మీరు చేస్తున్నది అది కాదు. ఒక జాలరి ఇంటి అరుగు మీద కూర్చుని, ‘ఈ ఏడాది వేట ఎలా ఉంది’ అని అడిగి, ఆయన చెప్పినదాంట్లో ఏది చేపల సంగతో, ఏది అప్పుల సంగతో, ఏది అల్లుడి మీద కోపమో విడదీసి పక్కవాళ్లకు అందించడం సమాచార సేకరణ. అందులో సగం విశ్లేషణ కూడా అక్కడికక్కడే జరిగిపోతుంది. దాన్ని సాయం అనుకుంటున్నారంటే, సేకరణ తమ పనీ, మాట మోసుకురావడం మీ పనీ అని వాళ్లు అనుకుంటున్నారన్నమాట. బహుశా చెడ్డ ఉద్దేశం ఉండి కాదు. తెలుగు మీకు ఊరికే వచ్చింది కాబట్టి దానికి విలువ కట్టాలని ఎవరికీ తోచలేదు. నిజం చెప్పండి, మీకు మాత్రం తోచిందా?

మీ ఊళ్లోనే ఒకాయన ఉండేవారు. గిడుగు వెంకట రామమూర్తి గారు పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర చెబుతూ, అక్కడి కొండజాతి సవరల భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు నడిపారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. ముఖలింగం గుడి శాసనాలు చదివిందీ ఆయనే. చరిత్ర మాస్టారికి సవరతో ఏం పని అని అడిగేవాళ్లు అప్పుడూ ఉండే ఉంటారు. ఆయన భాషా శ్రమ అట్టమీద ఆయన పేరుతోనే అచ్చయింది. మీ శ్రమ ‘కోఆర్డినేషన్’ కింద పోవడం మాత్రం నాకు నచ్చలేదు.

ఇప్పుడు హెచ్‌ఓడీ గారి మాట చూద్దాం. ఆయన అన్నది పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల చివర రీసెర్చ్ స్కోరు పట్టిక ఉంది. పీర్ రివ్యూ ఉన్న, అంటే అదే రంగం నిపుణులు పరిశీలించాకే అచ్చువేసే పత్రికలో ఒక వ్యాసానికి సైన్సు వాళ్లకు 8, సామాజిక శాస్త్రాలకు, భాషలకు 10 మార్కులు. ఆ పత్రిక వ్యాసాలను ఇతరులు ఎంతగా ఉటంకిస్తారో చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను బట్టి ఇంకొన్ని కలుస్తాయి. ఇద్దరు కలిసి రాస్తే ఇద్దరికీ చెరో 70 శాతం. ముగ్గురు, అంతకు మించి ఉంటే ప్రధాన రచయితకు 70, మిగతా ఒక్కొక్కరికీ 30 శాతం. అంటే ఒంటరిగా ఒక వ్యాసం రాస్తే మీకు 8. ఇద్దరుగా రెండు రాస్తే 11.2. మూడో పేరుగా రాస్తే ఒక్కోదానికి 2.4. కాబట్టి కలిసి పనిచేయడం వల్ల నష్టం లేదు. మూడో పేరుగా పనిచేస్తేనే నష్టం. ప్రాజెక్టుకైతే దాన్ని నడిపే ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్‌కి సగం, కో-ఇన్వెస్టిగేటర్‌కి సగం. ఫీల్డ్ కోఆర్డినేటర్ అనే గడి ఆ పట్టికలో లేదు. రెండేళ్లు ఎండలో తిరిగితే ప్రాజెక్టు కింద మీకు దక్కే స్కోరు సున్నా. ఈ ఒక్క విషయం సోషియాలజీ సార్‌కి చూపిస్తే సగం గొడవ అక్కడే తీరుతుంది. చాలామంది సీనియర్లు ఆ పట్టిక తమ ప్రమోషన్ అయిపోయాక మళ్లీ తెరిచి చూడరు.

అయితే హెచ్‌ఓడీ గారి భయానికి ఒక కారణం ఉంది. రేపు అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకు నేరుగా దరఖాస్తు చేస్తే 8 ఏళ్ల అనుభవం, 7 వ్యాసాలు, 75 రీసెర్చ్ స్కోరు అడుగుతారు. అవన్నీ ఉన్నా, ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చునేది జంతుశాస్త్రం వాళ్లు. ‘ఈమె చేసినదాంట్లో జంతుశాస్త్రం ఎంత’ అని వాళ్లు తప్పకుండా చూస్తారు. అందుకని ఉమ్మడి పని ఎంత నచ్చినా, ఫక్తు మీ శాఖదైన ఒక పని ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. మూడు వ్యాసాల్లో ఒకటైనా మీ శాఖవాళ్లు చదివే పత్రికలో రావాలి. ఇక నిబంధనలు మారుతుంటాయి, రాష్ట్రాలు వాటిని తమకు తగ్గట్టు అమలు చేస్తాయి. మీ విశ్వవిద్యాలయం ఇప్పుడు ఏది పాటిస్తోందో ఐక్యూఏసీ (నాణ్యత చూసే విభాగం) ఆఫీసులో అడిగి కాగితం తెచ్చుకోండి. కారిడార్‌లో విన్న మాట నమ్మకండి.

మీరు అడగని ఒక మాట చెప్తాను. మీ ముగ్గురూ తలకిందులుగా మొదలుపెట్టారు. ముందు ప్రపోజల్ రాసి, డబ్బొచ్చాక పరిశోధన చేసి, ఆ తర్వాత దాన్నుంచి పేపరు తయారుచేసి పాఠం చెబుదామనుకుంటున్నారు. నేనైతే ముందు కలిసి పాఠం చెప్పమంటాను. ప్రపోజల్లో అందరూ పెద్దమనుషులే. క్లాసులో నలభై మంది పిల్లల ముందు ఒకరి మాట ఇంకొకరు ఎలా అందుకుంటారో, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఫోన్ చూసుకుంటారో లేదో, తెలియనిది తెలియదని ఒప్పుకుంటారో లేదో ఒక సెమిస్టర్‌లో బయటపడిపోతుంది. పెళ్లికి ముందు ఒకసారి కలిసి తిరుపతి యాత్ర చేసిరమ్మన్నట్టు అనుకోండి. ఆ సంగతులు తెలిశాక ప్రాజెక్టు రాయండి, లేదా రాయడం మానేయండి. రెండూ లాభమే.

దీనికి కొత్త పేపరు అక్కర్లేదు. కొత్త ఎలక్టివ్ అంటే సిలబస్ తేల్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్, దాని పైన అకడమిక్ కౌన్సిల్, ఆ మీటింగుల తేదీలు, మినిట్స్... ఏడాది ఎటు పోతుందో తెలియదు. ఇప్పటికే మీ చేతిలో ఉన్న పేపర్లతో మొదలుపెట్టవచ్చు. మీ ఎకాలజీ పేపరుకూ, ఆయన గ్రామీణ సమాజం పేపరుకూ ఇంటర్నల్ మార్కుల్లో అసైన్‌మెంటు ఉండే ఉంటుంది. ఆ అసైన్‌మెంటు రెండు తరగతులకూ ఒకటే ఇవ్వండి. జంతుశాస్త్రం వాళ్లు ఇద్దరు, సోషియాలజీ వాళ్లు ఇద్దరు ఒక జట్టు. ఒకే రిపోర్టు. దాన్ని మీరు విడిగా, ఆయన విడిగా దిద్దండి. తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. మీరు 18 వేసినదానికి ఆయన 9 వేశారనుకోండి, ఎందుకో మాట్లాడుకోండి. మీ మీటింగుల్లో ‘కథలా, లెక్కలా’ అని గాలిలో సాగే వాదన అప్పుడు ఒక పిల్లవాడి రిపోర్టు మీదికి దిగుతుంది. అలా దిగితేనే తేలుతుంది.

అసైన్‌మెంటులో ఒక జాగ్రత్త. ప్రతి జట్టులో తెలుగు వచ్చిన పిల్లనో పిల్లవాణ్నో వేస్తారు, బాగానే ఉంది. వాళ్లను మాట చెప్పేవాళ్లుగా మాత్రమే వాడుకోకుండా చూడండి. మీకు జరుగుతున్నదే మీ విద్యార్థులకు జరగనివ్వకండి.

మరొకటి. యూనిట్ 1, 2 నేను, యూనిట్ 3, 4 మీరు అని పంచుకుంటే అది పంపకం అవుతుంది. కలిసి చెప్పడం కాదు. అన్ని గంటలూ ఇద్దరూ ఉండక్కర్లేదు గానీ, కొన్ని గంటలైనా ఇద్దరూ ఒకే గదిలో నిలబడాలి. ఆయన చెప్పినదాన్ని మీరు పిల్లల ముందే ‘ఆగండి సార్, ఈ అంకె ఎక్కడిది’ అని అడగాలి. మీరు చెప్పినదాన్ని ఆయన ‘ఈ లెక్క ఎవరి పడవ ఎక్కి వేశారు’ అని అడగాలి. మేష్టర్లు మర్యాదగా విభేదించుకోవడం చూసిన పిల్లలు ప్రశ్నలడగడం మొదలుపెడతారు. తరగతిలో అంత పెద్ద మార్పు ఇంకో దారిలో నాకు కనిపించలేదు.

వర్క్‌లోడ్ సంగతి. యూజీసీ లెక్కలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటలు, అసోసియేట్‌కీ ప్రొఫెసర్‌కీ 14 గంటలు పాఠం చెప్పాలి. ఇద్దరు ఒకే గదిలో ఉన్న గంట ఎవరి ఖాతాలో పడాలన్నది మీ విశ్వవిద్యాలయమే తేల్చాలి. మొదటి సెమిస్టర్‌కి దాన్ని అడగకండి. ఆ గంటలు ఎవరి పేపరులో ఉన్నాయో వాళ్ల ఖాతాలోనే పడనివ్వండి, రెండోవారు అతిథిగా వచ్చినట్టు. ఒక సెమిస్టర్ నడిచి, పిల్లల రిపోర్టులు చేతిలోకి వచ్చాక, బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ‘సెమినారుకీ, ఫీల్డ్‌కీ ఇద్దరికీ పూర్తి గంటలు, మిగతావి చెప్పినవారికి’ అని రాయించుకోండి. నోటితో ఒప్పుకున్నది హెచ్‌ఓడీ మారగానే పోతుంది. ఇంకో సంగతి, మీకు అడ్డం పడేది బహుశా నిబంధన కాదు, టైంటేబుల్. మీకు మధ్యాహ్నాలన్నీ ప్రాక్టికల్స్, ఆయనకు ఉదయాలన్నీ క్లాసులు. విశ్వవిద్యాలయంలో వైస్ చాన్సలర్ కన్నా టైంటేబుల్ వేసేవాడే బలవంతుడు. జూన్‌లోనే వెళ్లి ఆయన్ని పట్టుకోండి.

పరిశోధన కేంద్రం ఒకటి పెట్టే ఆలోచన ఎవరైనా తెస్తే మాత్రం ఒప్పుకోకండి. ‘తీరప్రాంత అధ్యయన కేంద్రం’ అని ఒక బోర్డు, ప్రారంభోత్సవం, ఫొటో, ఆ తర్వాత తాళం. ఇలాంటివి చాలా చూశాను.

ఇక పరిశోధన. ‘మత్స్యకారుల జీవితం’ ప్రశ్న కాదు. అది శీర్షిక. ముగ్గురిలో ఏ ఒక్కరూ ఒంటరిగా జవాబు చెప్పలేనిదైతేనే అది ఉమ్మడి ప్రశ్న. మీ తీరంలో అలాంటిది కళ్లెదుటే ఉంది. ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలకు వేలుగా వచ్చి గుడ్లు పెడతాయి. వాటికోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు ఋషికుల్య, దేవి, ధామ్రా నదీముఖాల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల వరకు వేట మీద ఆంక్షలు. అవి ముగియకముందే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతా చేపల సంతానం కోసం ఇంకో నిషేధం. రెండూ కలిపితే ఏడాదిలో సగానికి మించిపోయింది. ఒడియావాళ్లు నోలియాలని పిలిచే మన వాడబలిజల, జాలరుల ఇళ్లలో ఆ నెలలు ఎలా గడుస్తున్నాయన్నది సోషియాలజీ సార్ అడగాల్సిన ప్రశ్న. ఒడ్డుకు కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్లు ఏ నెలలో ఎన్ని, ఏ వలలు తిరిగే రోజుల్లో ఎక్కువ అన్నది మీ ప్రశ్న. రెంటినీ కలిపితే: ఆంక్షల వల్ల నిజంగా ఆగుతున్నది ఏ పడవలు? చిన్న ఫైబర్ బోటు వాడు ఇంట్లో కూర్చుని అప్పు చేస్తుంటే పెద్ద ట్రాలర్ తిరుగుతూనే ఉందా? తాబేళ్ల చావుల్లో ఆ తేడా కనిపిస్తోందా? దీనికి మీ అంకెలు లేకుండా ఆయన జవాబు చెప్పలేరు, ఆయన కథలు లేకుండా మీరూ చెప్పలేరు. మీటింగుల్లో వాదన ఎందుకు ఆగడంలేదంటే, ఇప్పటిదాకా మీకు ఒకరితో ఒకరికి అవసరం పడలేదు.

లెక్కలు, కథలు కలవాలంటే రెండూ ఒకే ఇళ్లనుంచి రావాలి. మీరు రేవులో పడవలు లెక్కపెట్టి, ఆయన ఇంకో వీధిలో ఇంటర్వ్యూలు చేస్తే అవి ఎప్పటికీ కలవవు. స్టాటిస్టిక్స్ సార్‌ని ఇళ్లు ఎంచేటప్పుడే కూర్చోబెట్టండి. ఫారాలన్నీ నింపుకొచ్చి ‘దీన్ని కాస్త చూడండి’ అని ఇస్తే ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు. నెలల గురించి అడిగేటప్పుడు ఇంగ్లీషు క్యాలెండరు పెట్టకండి. కార్తీక పున్నమి, సంక్రాంతి, శివరాత్రి, ఉగాది అని అడిగితే సరిగ్గా గుర్తుంటుంది. వెనకటి సంగతులకైతే తుపాన్లు. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ ఆ ఊళ్లలో ఎవరికీ మర్చిపోయేది కాదు. ‘ఈ పడవ ఫైలిన్‌కి ముందుదా, తర్వాతదా’ అంటే ముసలమ్మ కూడా తడుముకోకుండా చెబుతుంది. మీ పర్లాకిమిడి వైపు 2018 నాటి తిత్లీ అలాంటిదే. చేపలు కిలోల్లో అడిగితే నోటికొచ్చిన అంకె చెబుతారు. వాళ్లు ఎలా లెక్కపెట్టుకుంటే అలా, గంపల్లోనో తట్టల్లోనో అడగండి. మీరు ఒక వారం త్రాసు పట్టుకెళ్లి ఏ చేప గంప ఎంత తూగుతుందో చూసి పెట్టుకుంటే చాలు. అమ్మకం సంగతి మగవాళ్లను అడిగి ఊరుకోవద్దు. చేప ఒడ్డుకొచ్చాక లెక్క ఆడవాళ్లది. గంప నెత్తిన పెట్టుకుని వెళ్లేది, ఎండబెట్టేది, దళారికి ఎంత బాకీయో నోటిమీద చెప్పేది వాళ్లే. వాళ్లతో ఇంట్లో కూర్చుని తెలుగులో మాట్లాడగలిగేది మీ ముగ్గురిలో మీరొక్కరే. ప్రపోజల్లో మీ స్థానం గురించి మాట్లాడేటప్పుడు ఇది మర్చిపోకండి.

ఒక విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. ఆలివ్ రిడ్లీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో, అంటే అత్యంత గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. ఒక జాలరి మిమ్మల్ని నమ్మి, ‘పోయినేడు నా వలలో రెండు చిక్కి చచ్చాయమ్మా’ అని చెప్పాడనుకోండి. అది మీకు విలువైన సమాచారం. పేరుతో, ఇంటి నంబరుతో మీ ఎక్సెల్ షీట్లో ఉంటే అతనికి కేసు కావచ్చు. అందుకని పేర్ల జాబితా వేరు, జవాబుల షీటు వేరు. పేర్ల జాబితా ఒక్కరి దగ్గరే, తాళంలో. అటవీ శాఖ అనుమతి మీకు ఎలాగూ కావాలి, తాబేళ్లనూ గుడ్లనూ అది లేకుండా ముట్టుకోకూడదు. కానీ అనుమతి ఇచ్చారు కదా అని మూల సమాచారం వాళ్లకు ఇస్తామని ఎక్కడా సంతకం పెట్టకండి. ఎథిక్స్ కమిటీ కాగితంలోనే ఇది రాసేయండి. దళారుల పేర్లు, వడ్డీల లెక్కలకీ ఇదే వర్తిస్తుంది. ఊరు చిన్నది, పేరు తీసేసినా ‘మూడు బోట్లున్న దళారి’ అంటే ఎవరో అందరికీ తెలుస్తుంది. సమ్మతి పత్రం ఇంగ్లీషులో పెట్టి వేలిముద్ర వేయించుకోవడం నాకు అసహ్యం. తెలుగులో చదివి వినిపించి, ఒడియాలో అచ్చువేసి ఇవ్వండి. పిల్లలు ఒడియా బడిలో చదివినవాళ్లు, ఇంట్లో చదివి పెడతారు.

రోజంతా మాట మోసే పని నుంచి మీరు బయటపడాలంటే బడ్జెట్‌లో దానికో గీత ఉండాలి. ఆ ఊళ్లలోనే డిగ్రీ చదివిన అమ్మాయిలున్నారు. ఇంటర్వ్యూలకు తోడు రావడానికి, రికార్డు విని రాసిపెట్టడానికి వాళ్లకు జీతమివ్వండి. వాళ్లు తెలుగు మాటల్ని ఒడియా అక్షరాల్లో రాసి తెస్తారు, అలాగే తీసుకోండి. తెలుగు లిపి రాదని పక్కన పెడితే ఊళ్లో మీకు ఇక ఎవరూ దొరకరు. సోషియాలజీ సార్ కూడా కాస్త తెలుగు నేర్చుకోవచ్చు. బరంపురం బజారులో కూరగాయలు బేరమాడేంత తెలుగు అక్కడి ఒడియావాళ్లలో చాలామందికి వస్తుంది, ఆయనకూ వచ్చే ఉంటుంది, బయటపెట్టడం లేదేమో. మీరు కూడా ఆయన చేసే ఇంటర్వ్యూ ఒకటి మొదటినుంచి చివరిదాకా, గడియారం చూడకుండా కూర్చుని వినండి. ఆయన్ని తెల్లవారుజామున పడవలు ఒడ్డుకొచ్చే వేళకు రేవుకు లాక్కెళ్లండి.

పీహెచ్‌డీ విద్యార్థిని ఇద్దరు కలిసి తీసుకోవచ్చా అని అడగలేదు గానీ రేపు అడుగుతారు. తీసుకోవచ్చు. వేరే శాఖ నుంచి కో-సూపర్‌వైజర్‌ని పెట్టుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. 2018 పట్టికలో డిగ్రీ వచ్చాక ఇద్దరికీ చెరో 7 మార్కులు. 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురిని మించి తీసుకోకూడదు. తీసుకునేముందు ఒక్కటి తేల్చండి, మీ ఇద్దరికీ మాట కుదరనప్పుడు చివరిమాట ఎవరిది? ఇద్దరు గైడ్ల మధ్య నలిగిపోయిన విద్యార్థి కన్నా దురదృష్టవంతుడు క్యాంపస్‌లో ఉండడు. మొదటి రెండేళ్లు ఎవర్నీ తీసుకోకపోవడమే మేలు.

ఇప్పుడు ప్రపోజల్. అడగాలి. జూనియర్ కాబట్టే అడగాలి. సీనియర్‌కి పేరు ఎక్కడున్నా ఫర్వాలేదు. ఫోన్లో వద్దు, వాట్సాప్‌లో అసలు వద్దు. గ్రూపు మీటింగులో మూడో మనిషి ముందు అడిగితే ఆయనకు పరువు సమస్య అవుతుంది. విడిగా వెళ్లి, ఆ స్కోరు పట్టిక ప్రింటు తీసుకెళ్లి, ఇలా అనండి: ‘సార్, ఈ పనిలో నేను కో-ఇన్వెస్టిగేటర్‌గా ఉంటాను. తాబేళ్లు, వలల మీద వచ్చే వ్యాసానికి మొదటి పేరు నాది, అప్పులు, కుటుంబాల మీద వచ్చేదానికి మొదటి పేరు మీది, పద్ధతుల మీద ఏదైనా రాస్తే స్టాటిస్టిక్స్ సార్‌ది. ఇంటర్వ్యూలు ఎవరు చేస్తే వాళ్ల పేరు ఆ వ్యాసంలో ఉంటుంది. ఒక పేజీలో రాసుకుని ముగ్గురం సంతకం పెడదాం.’ కోపంగా కాదు, టైంటేబుల్ మాట్లాడుకున్నట్టు మాట్లాడండి. ‘మన మధ్య ఇవన్నీ ఎందుకమ్మా’ అని ఆయన నవ్వేస్తే, ‘మన మధ్య కాబట్టే తేలిక సార్’ అనండి. కాగితం మాత్రం వదలకండి.

ఆయన ఒప్పుకోకపోతే ప్రపోజల్‌లోంచి తప్పుకోండి. మీరు లేకుండా ఆ ఊళ్లలో ఆ పని ఎలా నడుస్తుందో ఆయన ఆలోచించుకుంటారు. ఉమ్మడి అసైన్‌మెంటు మాత్రం నడపండి, దానికి ఎవరి నిధులూ అక్కర్లేదు. ఈ విడత తప్పితే సామాజిక శాస్త్రాల పరిశోధనకు నిధులిచ్చే ఐసీఎస్‌ఎస్‌ఆర్ లాంటి సంస్థలు ప్రాజెక్టులకు మళ్లీ పిలుస్తాయి. పైగా నవంబరు 1కి ఆంక్షలు మొదలయ్యేలోపు ఒక సెమిస్టర్ పాఠం కలిసి చెప్పి ఉంటే, వచ్చే ప్రపోజల్‌లో చూపించడానికి పిల్లల రిపోర్టులు ఉంటాయి.

నెలాఖరు గడువంటున్నారు కదా, ఈ వారంలోనే వెళ్లండి. హెచ్‌ఓడీ ఫార్వర్డింగ్ సంతకం పడి కాగితం రిజిస్ట్రార్ ఆఫీసుకు చేరాక పేర్లు మార్చడమంటే మళ్లీ మొదటినుంచి ఫైలు పెట్టడమే.